వకీలు లింకన్: అపోహలు, వాస్తవాలు

సివిల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసేవాణ్ని కాబట్టి అమెరికా ప్రెసిడెంట్ అబ్రహాం లింకన్ కంటే వకీలు లింకన్ మీదే నాకు ఆసక్తి ఎక్కువ. ఆయన గురించి మా జూనియర్లు చెప్పుకునే కథల్లో చాలావరకు పుక్కిటి పురాణాలే.

అపోహ: వాదించినవన్నీ సంచలన కేసులే.

ఇలినాయ్ రాష్ట్రంలో దాదాపు పాతికేళ్ల ప్రాక్టీసులో ఆయన చేతిమీదుగా ఐదు వేలకు పైగా కేసులు వెళ్లాయి. ఎక్కువ భాగం బాకీ వసూళ్లు, నోటు దావాలు. ఏటా రెండుసార్లు జడ్జి డేవిడ్ డేవిస్‌తో పాటు ఎనిమిదో సర్క్యూట్‌లోని (జడ్జి తిరుగుతూ విచారణ జరిపే ప్రాంతం) కౌంటీలన్నీ, అంటే మన జిల్లాల్లాంటివన్నీ, చుట్టి రావాలి. గుర్రం మీదో బగ్గీలోనో ప్రయాణం, సత్రంలో ఒకే మంచం మీద ఇద్దరు. చాలాసార్లు ఆ ఊళ్లో దిగాకే కక్షిదారు దొరికేవాడు.

అపోహ: దొంగ పంచాంగం చూపించి హత్య కేసు గెలిచాడు.

1858లో బియర్డ్స్‌టౌన్‌లో డఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ముద్దాయి తరఫున లింకన్ వాదించిన కేసు ఇది. రాత్రి పదకొండు ప్రాంతంలో, 150 అడుగుల దూరం నుంచి, వెన్నెల్లో అంతా చూశానన్నాడు సాక్షి చార్లెస్ అలెన్. లింకన్ తొందరపడలేదు. వెన్నెల మాట సాక్షి చేతే మళ్లీ మళ్లీ చెప్పించి, వెనక్కి తగ్గే దారి మూసేశాకే 1857 పంచాంగం బయటికి తీశాడు. ఘటన జరిగిన ఆగస్టు 29 రాత్రి చంద్రుడు అస్తమించడానికి దగ్గరగా ఉన్నాడు. తర్వాత ఖగోళ శాస్త్రవేత్తలు లెక్కగట్టినా అదే తేలింది. క్రాస్ ఎగ్జామినేషన్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) నేర్చుకునేవాళ్లు పంచాంగాన్ని కాదు, దానికి ముందు అడిగిన ప్రశ్నల్ని చూడాలి.

అపోహ: ఫీజు అడగడమే తెలియదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ తల్లి దగ్గర డబ్బు తీసుకోని మాట నిజమే, అది పాత స్నేహం. కానీ ఇలినాయ్ సెంట్రల్ రైల్వేకి కౌంటీ పన్ను కేసు గెలిపించి 5,000 డాలర్లు అడిగాడు. వాళ్లు ఇవ్వకపోతే 1857లో తన క్లయింటు మీదే దావా వేసి రాబట్టుకున్నాడు!

ఇలినాయ్ శాసనసభలోనూ మడికట్టుకు కూర్చోలేదు. 1834 నుంచి వరుసగా నాలుగుసార్లు నెగ్గిన ఈ పెద్దమనిషి, 1840లో కోరం (సభ నడవడానికి కావాల్సిన కనీస హాజరు) తప్పించడానికి కిటికీలోంచి దూకాడు. అప్పటికే ఆయన్ని హాజరు లెక్కలో వేసేశారు, దూకినా లాభం లేకపోయింది.

అపోహ: ఎప్పుడూ బానిసల పక్షానే నిలబడ్డాడు.

1841లో బెయిలీ వర్సెస్ క్రామ్‌వెల్ కేసులో నాన్స్ అనే నల్లజాతి మహిళ స్వేచ్ఛకు అనుకూలంగా ఇలినాయ్ సుప్రీంకోర్టులో వాదించి గెలిచాడు. ఆరేళ్లకు, 1847లో, కెంటకీ నుంచి తెచ్చిన బానిసలతో ఇలినాయ్‌లో సేద్యం చేయించుకుంటున్న రాబర్ట్ మాట్సన్ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. జేన్ బ్రయంట్‌నీ ఆమె నలుగురు పిల్లల్నీ తిరిగి యజమానికి అప్పగించాలని వాదించాడు. కోర్టు ఆమెకు విముక్తి ఇచ్చింది, లింకన్ ఓడిపోయాడు. ముందు వచ్చిన క్లయింటు కేసు పట్టడం వృత్తి ధర్మమని సమర్థించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. వద్దనుకున్న కేసు వదిలేసే వీలు అప్పటి వకీళ్లకీ ఉంది.