బడిలో పర్యావరణ పాఠం: టీచర్ల మధ్య తిరిగే అపోహలు, వాస్తవాలు

ఎకో క్లబ్ బాధ్యత చూసే టీచర్లు ట్రైనింగుల్లో కలిస్తే మొదట వినిపించే మాట "మెటీరియల్ లేదండీ" అని. జీవశాస్త్రం చెబుతూ, క్లబ్ నడుపుతూ ఈ మాట చాలాసార్లు విన్నాను. పర్యావరణ పాఠానికి కావలసిన సరుకు చాలావరకు బడి ఆవరణలోనే ఉంటుందని నా నమ్మకం. పిల్లలు దాన్ని చూసి, కొలిచి, రాసుకోవడానికి టైమ్‌టేబుల్లో చోటు దొరకడమే కష్టం. బడుల్లో ఎకో క్లబ్బులు నడిపించే కేంద్ర కార్యక్రమం జాతీయ హరిత దళం 2001లో మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా కొన్ని అపోహలు అలాగే ఉన్నాయి.

అపోహ: కిట్లు, ల్యాబ్, చార్టులు ఉంటేనే కుదురుతుంది.

వాస్తవం: ఒక ప్లాస్టిక్ బాటిల్, ఒక స్కేలు చాలు. నిలువుగా, నున్నగా ఉన్న బాటిల్ పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టండి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి కొన్ని గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర సున్నా గీత గీయండి. వానమాపకం తయారైనట్టే. చెట్లకూ గోడలకూ దూరంగా పెట్టి, రోజూ ఉదయం ప్రార్థన వేళ ఒక విద్యార్థి కొలతను బోర్డు మీద రాయాలి.

అసలు పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. బడి డాబా 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. 25 మి.మీ. వాన పడితే దాని మీద 5,000 లీటర్లు పడ్డట్టు. అంటే 200 లీటర్ల డ్రమ్ములు 25. ఈ లెక్క పిల్లలే కట్టాక "ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయి సార్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నను ఏ చార్టూ పుట్టించలేదు. అక్కడి నుంచి ఇంకుడుగుంతకు, మధ్యాహ్న భోజనం ప్లేట్లు కడిగే కుళాయికి, కారుతున్న ట్యాంకుకు మాట దానంతట అదే వెళుతుంది.

మట్టికీ ఇంతే. గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి కదలకుండా ఉంచండి. ఇసుక నిమిషాల్లో అడుగుకు చేరుతుంది, దాని మీద ఒండ్రు పేరుతుంది. బంకమట్టి పూర్తిగా దిగడానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఒక్కో పిల్లవాడు తన పొలం మట్టో, ఇంటి మట్టో తెస్తే తేడాలు కళ్లకు కడతాయి.

అపోహ: మొక్కలు నాటి ఫొటో తీస్తే పర్యావరణ విద్య అయిపోయినట్టే.

వాస్తవం: ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5న. మన రెండు రాష్ట్రాల్లో బడులు సాధారణంగా తెరిచేది జూన్ 12న. పిల్లలు లేని బడిలో, ఎండలు తగ్గకముందే నాటిన మొక్కకు నీళ్లు ఎవరు పోస్తారు? వానలు కుదురుకుని నేల బాగా తడిశాక నాటండి. ఒక్కో మొక్కను ఇద్దరు ముగ్గురు పిల్లలకు అప్పగించండి. తేదీ కోసం తొందరపడి మొక్కను చంపుకోవద్దని గట్టిగా చెబుతాను.

ఏ మొక్క అన్నది ఇంకా ముఖ్యం. కోనోకార్పస్ త్వరగా, దట్టంగా, పచ్చగా పెరుగుతుందని రోడ్ల మధ్య, కాలేజీల్లో విరివిగా నాటారు. తర్వాత తెలంగాణ ప్రభుత్వమే హరితహారంలో దాన్ని నాటవద్దని చెప్పింది. పిల్లల్ని ఒక పావుగంట కోనోకార్పస్ దగ్గర, ఇంకో పావుగంట పూసిన కానుగ దగ్గర కూర్చోబెట్టి, వచ్చిన పురుగుల్నీ పిట్టల్నీ లెక్కపెట్టించండి. వేప, నేరేడు, కానుగ, చింత ఎందుకు నాటాలో మీరు ఉపన్యాసం ఇవ్వాల్సిన పని ఉండదు.

అపోహ: రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుంది.

బడి గోడల మీద కూడా రాసి ఉండే మాట ఇది. ఆక్సిజన్ విడుదల కావాలంటే వెలుతురు తప్పనిసరి. రాత్రిపూట రావి కూడా మిగతా చెట్లలాగే ఆక్సిజన్ వాడుకుంటుంది. రావికి లేని గొప్ప అంటగట్టనక్కర్లేదు, ఉన్న గొప్పే చాలా ఉంది. అది కాయలతో ఉన్నప్పుడు కోకిలలు, గోరింకలు, గబ్బిలాలు ఎన్ని వస్తాయో చూపించండి. ఆ కాయలోపలే పూలు ఉంటాయనీ, చిన్న కందిరీగలాంటి పురుగు లోపలికి దూరి పరాగ సంపర్కం చేస్తుందనీ చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

అపోహ: ఓజోన్ పొరకు చిల్లు పడటం వల్లే భూమి వేడెక్కుతోంది.

ఈ పొరపాటు టీచర్లలోనూ ఉంది. ఓజోన్ పొర అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. భూమి వేడెక్కడానికి ప్రధాన కారణం కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి వాయువులు వేడిని పట్టి ఉంచడం. రెండు సమస్యలకూ కొంత సంబంధం ఉంది: ఓజోన్‌ను దెబ్బతీసిన సి.ఎఫ్.సి.లు (ఒకప్పుడు ఫ్రిజ్జుల్లో, స్ప్రేల్లో వాడిన వాయువులు) వేడిని కూడా పట్టి ఉంచుతాయి. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత వాటి వాడకం తగ్గి, ఓజోన్ పొర మెల్లగా కోలుకుంటోంది. దేశాలు కలిసి పనిచేస్తే ఫలితం ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. సెప్టెంబర్ 16న ఓజోన్ దినోత్సవం నాడు వ్యాసరచన పోటీకి బదులు ఈ కథ చెప్పండి.

అపోహ: పేపర్ కప్పులో ప్లాస్టిక్ ఉండదు.

వాడేసిన కప్పును చింపి వేడినీళ్లలో నానబెట్టి మెల్లగా రుద్దించండి. కాగితం గుజ్జుగా ఊడిపోయి పల్చటి ప్లాస్టిక్ పొర చేతిలో మిగులుతుంది.

అపోహ: ఇది సైన్స్ టీచర్ పని.

వానమాపకం లెక్క గణితం టీచర్‌ది. "రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయి" లాంటి కార్తెల సామెతల్ని అమ్మమ్మల దగ్గర, తాతయ్యల దగ్గర సేకరించి, బోర్డు మీది వాన లెక్కతో పోల్చి చూడటం తెలుగు టీచర్‌ది. ఊరి చెరువు ఒకప్పుడు ఎంతమేర ఉండేదో పెద్దల్ని అడిగి పటం గీయించడం సోషల్ టీచర్‌ది.

అపోహ: పిల్లలు రాసిన లెక్కలు ఎవరికీ పనికిరావు.

వాస్తవం: సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో దేశమంతా బడిపిల్లలు ఒక చెట్టును ఎంచుకుని, వారానికోసారి ఆకులు, పూలు, కాయలు ఎలా ఉన్నాయో నమోదు చేస్తారు. కేరళ బడులు ఇందులో ముందున్నాయి. చింత, వేప, రేల మన దగ్గర ఏ బడికైనా అందుబాటులో ఉన్న చెట్లే. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పక్షుల గణనలో పావుగంట చూసి రాసిన జాబితా కూడా పనికొస్తుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు వచ్చే గూడబాతులే కానక్కర్లేదు, బడి గోడ మీది పికిలిపిట్ట చాలు. తెలంగాణ రాష్ట్రపక్షి పాలపిట్ట కరెంటు తీగల మీదే కనిపిస్తుంది. పిల్లలు తమ ఊళ్లో పిలిచే పేరే రాయనివ్వండి, శాస్త్రీయనామం పక్కన మీరు చేర్చండి.

ఒక్క విషయంలో పట్టుదలగా ఉండమని కోరుతున్నాను. ఫార్మేటివ్ పరీక్షలకు నెట్ సెంటర్లో ప్రింట్ తీసిన ప్రాజెక్టుకు మార్కులు వేయకండి. "నీటి కాలుష్యం" అని టాపిక్ ఇస్తే ప్రింటే వస్తుంది. "మా బడి కుళాయి ఒక గంటలో ఎన్ని లీటర్లు కారుస్తోంది" అని ఇస్తే బకెట్ పట్టుకుని కొలవాల్సిందే. అక్షరదోషాలు ఉన్నా, బొమ్మ వంకరగా ఉన్నా, ఆ కొలతలున్న నోట్‌బుక్కుకే పూర్తి మార్కులు వేయండి.