పసిబిడ్డ బొంత: దళసరి మీద ఇంత మోజెందుకు?

నా దగ్గర బొంత కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు ముందు అనే మాట ఒకటే: "కాస్త దళసరిగా కుట్టమ్మా, బిడ్డకు చలి." కొందరు దూది కూరమంటారు. ఇంకొందరు పాలిస్టర్ షీట్ చంకలో పెట్టుకునే వస్తారు. మొదటిసారి సొంతంగా కుట్టుకునేవాళ్ల ధోరణీ ఇదే.

అపోహ: బొంత ఎంత దళసరైతే బిడ్డకు అంత మంచిది.

వాస్తవం: మెత్తబడిన నూలు చీర నాలుగు పొరలు చాలు. ఐదున్నర మీటర్ల చీరలో జరీ అంచు, చెంగు, చిరుగులు తీసేసినా మీటరు ముక్కలు నాలుగు వస్తాయి. అంటే ఒక చీరకు ఒక బొంత. తడిసినా ఒక్క పూట ఎండకు ఆరిపోతుంది. దూది బొంత పైకి ఆరినట్టే ఉంటుంది, మధ్యలో గట్టిగా నొక్కి చూడండి, చల్లగా తగులుతుంది. ముక్కవాసన మొదలయ్యేది అక్కడే. నాలుగు ఉతుకులు పడేసరికి దూదంతా ఒక మూలకు చేరుతుంది, అది వేరే గోల.

అసలు భయం కప్పడంతోనే. నిద్రలో వదులు బొంత మొహం మీదికి జరిగితే తోసేసుకునే సత్తా ఆ పసివాళ్లకు ఉండదు. ఒళ్లు మరీ వేడెక్కడమూ ప్రమాదమే. ఏడాది లోపు పిల్లలు పడుకునే చోట బొంతలు, దిండ్లు, వదులు దుప్పట్లు వద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా తొడిగిన షీటు, అంతే. "చేతులు చల్లగా ఉన్నాయి" అని కంగారు పడతారు పాపం. పసివాళ్ల అరచేతులు, పాదాలు చల్లగా ఉండటం మామూలే. ఛాతీ మీదో మెడ వెనకో చెయ్యి పెట్టి చూడండి. చలనిపిస్తే ఇంకో చొక్కా తొడగండి.

కూతురి పురిటికి డాలస్ వెళ్లిన ఒక పెద్దావిడ సూట్‌కేసులో మంచి బొంత పెట్టుకుని వెళ్లారు. తొట్టిలో వేయొద్దని అక్కడి నర్సు అందట. "మేమంతా బొంతల్లో పెరగలేదా?" అని ఫోన్లో నా మీద పడ్డారు! పెరిగాం, నిజమే. కానీ ఆ బొంతకు వేరే పని బోలెడంత ఉంది. నూనె రాసేటప్పుడు నేల మీద పరవండి, మెలకువగా ఉన్న బిడ్డను మీరు పక్కనే ఉండి బోర్లా వేయండి అన్నాను. ఇప్పుడు రెండోది కుట్టమంటున్నారు, పల్చగా.

అపోహ: పెట్టెలో దాచిన చీరైతే శుభ్రంగా ఉంటుంది.

వాస్తవం: కలరా ఉండల వాసన ఉన్న చీర ముట్టుకోకండి. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్) లోపంతో పుట్టిన పిల్లలకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదరొచ్చు. లోపం ఉందో లేదో పుట్టగానే మొహం చూసి చెప్పలేం కదా. ఇంకో చీర వెతకండి.

అపోహ: కొత్త బట్టే మేలు.

వాస్తవం: గంజి, రంగు పోయేదాకా ఉతికితే మేలే. తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి.

అపోహ: గ్రహణం పూట కడుపుతో ఉన్నామె సూది పడితే బిడ్డకు మొర్రి.

వాస్తవం: మొర్రికీ సూదికీ సంబంధం లేదు. తెలియక కుట్టేసి ఏడుస్తూ ఫోన్ చేసిన అమ్మాయిలున్నారు. టెన్షన్ పడకండి తల్లీ. ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే ఆ కాసేపు సూది పక్కన పెట్టండి, గొడవెందుకు.

కుట్టు వంకరైనా పరవాలేదు. ముందు పొరలు జరగకుండా టాకాలు (తర్వాత తీసేసే వదులు కుట్లు) వేసుకుని, మధ్యలోంచి అంచులకు కుట్టుకెళ్లండి, ముడతలు రావు. కుట్లు మాత్రం దగ్గరగా ఉండాలి. పొడుగు కుట్లలో కాలివేలు ఇరుక్కుంటుంది, వేలాడే దారం చుట్టుకుంటే వేలు వాస్తుంది. ముడులన్నీ పొరల మధ్యకు పోనివ్వండి. అయిపోయాక సూదులు లెక్కపెట్టుకోండి.