కాశీకి కాలినడక: చెన్నై యాత్రికుల అపోహలు - వాస్తవాలు

చెన్నై నుంచి కాశీకి కాలినడకన వెళ్లదలచిన తెలుగు బృందాలకు దారి, మజిలీలు, బసలు, విశ్రాంతి దినాలు లెక్కకట్టి ఇవ్వడం కొన్నేళ్లుగా నేను చేస్తున్న పని. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది తమిళ పెరటాసి మాసంలో (సెప్టెంబరు-అక్టోబరు) తిరుమలకు నడిచి వెళ్లిన అనుభవం ఉన్నవారే. వారి భక్తిని ప్రశ్నించే అర్హత నాకు లేదు. నాలుగు రోజుల నడకను ఇరవై అయిదుతో గుణిస్తే నూరు రోజుల నడక వస్తుందనే లెక్కను మాత్రం ప్రశ్నించక తప్పదు.

అపోహ: తిరుపతికి నడిచినవారు కాశీకీ నడవగలరు.

వాస్తవం: చెన్నై నుంచి తిరుపతి సుమారు 135 కిలోమీటర్లు. ఆ దూరం నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది కాబట్టి, దారిలో పాదానికి జరిగిన హాని ఇంటికి చేరాక, కాళ్లు చాపుకున్న తర్వాత బయటపడుతుంది. అలిపిరి దారిలోని 3,550 మెట్లను మూడు గంటల్లో ఎక్కానని చెప్పేవారికి గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయనే అర్థం. అవి కొద్ది వారాల సాధనతోనే బలపడతాయి. స్నాయువులు, ఎముకలు అంత త్వరగా బలపడవు, వాటికి నెలలు కావాలి. అందుకే దూరయాత్రలో అసలు పరీక్ష మొదటి రోజున కాక రెండో వారంలో వస్తుంది. ఉదయం లేచి మొదటి అడుగు వేయగానే మడమలో పొడిచినట్లుండడం, మోకాలికి కింద ముంగాలి ఎముక వెంట నొప్పి పుట్టడం అప్పుడే మొదలవుతాయి. పట్టుదలతో వాటిని లెక్కచేయకుండా నడిస్తే ఎముకలో సన్నని పగులు ఏర్పడవచ్చు. ఆ తర్వాత యాత్రను వారాల తరబడి ఆపక తప్పదు.

కాబట్టి లెక్క ఇలా ఉండాలి. నెల్లూరు, ఒంగోలు, అద్దంకి, మిర్యాలగూడ మీదుగా హైదరాబాదు, అక్కడి నుంచి కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్, సివనీ, జబల్‌పూర్, మైహర్, రీవా మీదుగా కాశీ దాదాపు 1,900 కిలోమీటర్లు. మొదటి పది నడక దినాల్లో రోజుకు 17 కిలోమీటర్లకు మించకుండా, ఆపైన రోజుకు 25 చొప్పున నడిస్తే 80 నడక దినాలు అవుతాయి. ఆరు రోజులకు ఒక విశ్రాంతి దినం చొప్పున 13 రోజులు, జ్వరానికో తుఫానుకో చేతిలో ఉంచుకోవలసిన 7 రోజులు కలిపితే నూరు. రోజుకు 40 నడిచి యాభై రోజుల్లో ముగిస్తామనేవారికి నేను పథకం వేసి ఇవ్వను. బృందంలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి వేగమే బృందం వేగమని ఒప్పుకున్న తర్వాతే కాగితం తీస్తాను.

చెన్నైలో సాధన చేసేవారికి ఇంకొక చిక్కు ఉంది. మన ఊరు చదునైనది. తెల్లవారుజామున మెరీనా వెంట రోజూ పది కిలోమీటర్లు నడిచినా, దారిలో కనుమలు దిగేటప్పుడు మోకాళ్ల మీద పడే భారం అలవాటు కాదు. పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మెట్లు వారానికి రెండుసార్లు ఎక్కి, ముఖ్యంగా నెమ్మదిగా దిగడం అలవాటు చేసుకోవాలి.

అపోహ: పూర్వులు ఏ ఏర్పాటూ లేకుండా, దేవుడి మీద భారం వేసి కాశీకి వెళ్లారు.

వాస్తవం: చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లిన తెలుగువారిలో మనకు సవివరంగా తెలిసినది ఏనుగుల వీరాస్వామయ్యగారి యాత్ర. అప్పటి మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా (అనువాదకుడిగా) పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగివచ్చారు. దాదాపు నూరుమంది పరివారం, పల్లకీ, దానిని మోసే బోయీలు, బసకు డేరాలు ఆయన వెంట ఉన్నాయి. ఏ మజిలీలో ఏమి దొరుకుతుందో, ఏ దారి ఎలా ఉందో శ్రద్ధగా రాసిపెట్టిన మనిషి ఆయన. ముందుచూపు భక్తికి లోటని ఆయన అనుకున్నట్లు కనిపించదు. మే నెలలో బయలుదేరిన విషయంలో మాత్రం దయచేసి ఆయనను అనుసరించకండి.

అపోహ: సంక్రాంతి వెళ్లాక బయలుదేరడం మంచిది.

వాస్తవం: ప్రయాణ దినాన్ని బయలుదేరే ఊరి వాతావరణం బట్టి కాక, చేరే ఊరి వాతావరణం నుంచి వెనక్కి లెక్కపెట్టి నిర్ణయించాలి. సంక్రాంతి తర్వాత బయలుదేరితే నూరు రోజులకు ఏప్రిల్ చివరి వారం వస్తుంది, అప్పటికి రీవా, మిర్జాపూర్ ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటి వడగాలి వీస్తూ ఉంటుంది. మరీ ముందుగా, అక్టోబరులో బయలుదేరితే మన తీరంలో ఈశాన్య రుతుపవనాల వాన, గంగాతీరం చేరేసరికి జనవరి పొగమంచు. నవంబరు చివర, డిసెంబరు మొదట బయలుదేరడం ఉన్నంతలో మేలు. అయితే తుఫాను భయం అప్పటికీ పూర్తిగా పోదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చేతిలో ఉంచుకోమన్న ఏడు రోజుల్లో కనీసం మూడు ఒంగోలు దాటేవరకు ఖర్చు చేయకూడదని నేను పట్టుబట్టేది అందుకే.

అపోహ: చెప్పులు లేకుండా నడిస్తేనే పుణ్యం.

వాస్తవం: ఇది చెప్పడానికి నాకు ప్రతిసారీ ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే ఎదుట కూర్చున్నవారు మొక్కుకుని వచ్చి ఉంటారు. మధుమేహం ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. నా బృందంలోని ఒక పెద్దాయన మేకు గుచ్చుకున్న కాలితోనే ఒక పూటంతా నడిచారు, సాయంత్రం కాళ్లు కడిగేటప్పుడు నీళ్లు ఎర్రబడే వరకు ఆయనకే తెలియలేదు. ఆ యాత్ర ఆయనకు ఆసుపత్రిలో ముగిసింది. అందుచేత ఊరి పొలిమేర నుంచి గుడి వరకు వట్టి కాళ్లతో, రహదారి మీద బూట్లతో నడిచే ఒప్పందం నేను సూచిస్తాను, చాలామంది అంగీకరిస్తారు. నడకలో పాదం ఉబ్బుతుంది కాబట్టి బూట్లను సాయంత్రం పూట, ఒక సైజు వదులుగా కొని, బయలుదేరేలోగా కనీసం 150 కిలోమీటర్లు వాటితో నడిచి ఉండాలి. పొక్కులు రాపిడి, తడి, వేడి కలిస్తే వస్తాయి. మధ్యాహ్నం మేజోళ్లు మార్చుకోవడమే వాటికి చవకైన నివారణ. వచ్చిన పొక్కు మీది చర్మాన్ని ఎన్నడూ ఒలిచివేయరాదు.

అపోహ: దాహం వేసినప్పుడు నీళ్లు బాగా తాగితే చాలు.

వాస్తవం: చెమటతో నీరే కాక ఉప్పూ పోతుంది, సాదా నీరే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, మగత కలుగుతాయి. ఓఆర్ఎస్ పెద్ద పొట్లాన్ని ఒక లీటరు నీటిలో కలపాలి, గ్లాసుడు నీటిలో కలిపి తాగేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపండు ఉంటే మరీ మంచిది. ఆడవారు మరుగుదొడ్డి దొరకదనే భయంతో నీళ్లు మానేస్తారు. దీనికి పరిష్కారం ఉపదేశంలో లేదు, పథకంలో ఉంది. ప్రతి ఆరేడు కిలోమీటర్లకు ఒక పెట్రోలు బంకు వచ్చేలా విరామాలను గుర్తించి ఉంచుకోవాలి, అవి లేనిచోట వెంట వచ్చే వ్యానులో చిన్న గుడారం ఉండాలి.

అపోహ: తెల్లవారుజామున మూడింటికే బయలుదేరితే ఎండ తప్పుతుంది.

వాస్తవం: ఎండ తప్పుతుంది, లారీ తప్పకపోవచ్చు. జాతీయ రహదారి మీద వెలుతురు వచ్చాకే, కుడివైపున, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా, ఒకరి వెనుక ఒకరుగా నడవాలి. మెరిసే పట్టీల కోటు అందరికీ ఉండాలి. నాగపూర్, సివనీల మధ్య రహదారి పెంచ్ పులుల అభయారణ్యం గుండా పోతుంది, అక్కడ వన్యప్రాణుల కోసం రోడ్డు కింద దారులు కట్టారు. ఆ భాగాన్ని పట్టపగలు, గుంపుగా, వ్యాను తోడుతో దాటాలి.

అపోహ: దారి పొడవునా సత్రాలు ఉంటాయి.

వాస్తవం: తెలుగు నేల మీద గుడి, కల్యాణమండపం, సత్రం ఏదో ఒకటి దొరుకుతుంది. ఆదిలాబాద్ దాటాక ధర్మశాలలు, గురుద్వారాలు ఆదుకుంటాయి గానీ, అవి 25 కిలోమీటర్లకొకటి లెక్కగా కట్టినవి కావు. కొన్నిచోట్ల 18 నడిచి ఆగాలి, కొన్నిచోట్ల వ్యానులో వెనక్కి వచ్చి పడుకుని మర్నాడు ఆగినచోటి నుంచే నడక మొదలుపెట్టాలి. ఇరవైమందికి మించిన బృందం రెండు రోజుల ముందు ఫోను చేయకుండా ఎక్కడికీ వెళ్లకూడదు, ఆధార్ ప్రతులు అందరి దగ్గరా ఉండాలి. కాశీలో శ్రీరామ తారక ఆంధ్రాశ్రమంలో గానీ, చెన్నైవారికి పరిచయమైన నాట్టుకోట్టై నగరత్తార్ సత్రంలో గానీ గది కావాలంటే ఇంకా ముందుగా అడగాలి.

తిరుగు టికెట్టు ముందే కొని పెట్టుకుంటామనేవారికి చివరిగా ఒక మాట. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ 60 రోజులకే పరిమితమైంది కాబట్టి, బయలుదేరేనాటికి ఆ రైలుకు టికెట్లు తెరుచుకోవు. కామారెడ్డి, నిర్మల్‌ల మధ్య ఎక్కడో ఒక విశ్రాంతి దినాన, ఉదయం ఎనిమిది గంటలకు ఒకరు ఫోను పట్టుకుని కూర్చోవలసి ఉంటుంది. ఆ పేరు, ఆ తేదీ కూడా పథకంలో రాసి ఉంచండి.