‘స్కాన్‌లో ఏమీ లేదు’: ఆ మాట వెనకున్న కథ

ఫిట్స్ వచ్చాయనో, మతిమరుపు ఎక్కువైందనో తలకి స్కాన్ తీయిస్తాం. పెద్ద కవర్లో ఫిల్ములు పెట్టుకుని డాక్టరు గది బయట కూర్చుంటాం. ఆయన ఫిల్మును వెలుతురుకి ఎత్తి చూసి, “స్కాన్‌లో ఏమీ లేదమ్మా” అంటారు. కొందరికి ప్రాణం కుదుటపడుతుంది. కొందరికి టెన్షన్ ఇంకా పెరుగుతుంది. ఏమీ లేకపోతే మనిషి ఎందుకిలా అయిపోతున్నాడు? ఆ ఒక్క మాట పట్టుకుని ఇంట్లోవాళ్లే “అంతా నాటకం” అనడం అన్నిటికన్నా బాధాకరం. తలను చూసే మిషన్లు చాలా ఉన్నాయి, ఒక్కోటీ ఒక్కో సంగతినే చూస్తుంది. ఏది దేన్ని చూస్తుందో అవి పుట్టిన తీరు తెలిస్తే అర్థమవుతుంది.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనుక్కున్నాక విరిగిన ఎముక కనిపించింది, చిట్లిన పుర్రె కనిపించింది. పుర్రె లోపలి మెదడు మాత్రం కనిపించలేదు. మెదడు కణజాలమైనా దాని చుట్టూ ఉండే ద్రవమైనా మామూలు ఎక్స్‌రేకు దాదాపు ఒకటే. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ సర్జన్ వాల్టర్ డాండీ 1918లో దీనికో దారి కనిపెట్టాడు. మెదడు మధ్యలో ద్రవంతో నిండిన గదులుంటాయి. ఆ ద్రవం తీసేసి గాలి నింపితే గదుల ఆకారం ఎక్స్‌రేలో నల్లగా పడుతుంది. గది ఒక పక్కకి నొక్కుకుపోయి ఉంటే అక్కడ కణితి ఉందని ఊహించవచ్చు. మరుసటి ఏడాది, పుర్రెకు రంధ్రం పెట్టకుండా నడుము దగ్గర సూది గుచ్చి గాలి ఎక్కించే పద్ధతినీ ఆయనే చెప్పాడు. తర్వాతి రోజుల్లో రోగిని కుర్చీకి కట్టేసి, గాలి కావలసిన చోటికి చేరేలా అటూ ఇటూ, తలకిందులుగా కూడా తిప్పేవారు. భరించలేని తలనొప్పి, వాంతులు. ఆ నొప్పి తగ్గడానికి రోజులు పట్టేది. ఇంత హింసా పడ్డాక దొరికేది ఒక నీడ. 1970ల దాకా ఈ పరీక్ష నడిచిందంటే డాక్టర్ల చేతిలో ఇంతకన్నా మెరుగైనది లేకపోవడమే కారణం. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ అనే డాక్టరు మెదడు రక్తనాళాల్లోకి ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కించి వాటి బొమ్మ తీశాడు కానీ, అదీ నాళాలకే పరిమితం.

ఆ కుర్చీని మూలన పడేసింది గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీరు. గ్రామఫోన్ రికార్డులకు పేరుపడ్డ ఈఎంఐ కంపెనీలో పనిచేసేవాడు. తల చుట్టూ అనేక కోణాల నుంచి కిరణాలు పంపి, ఎక్కడెంత ఆగిపోయాయో కంప్యూటర్‌తో లెక్కగడితే లోపలి అడ్డకోత బొమ్మ వస్తుందన్నది ఆయన ఆలోచన. మొదటి ప్రయోగంలో గామా కిరణాలతో ఒక్క బొమ్మకు 9 రోజులు పట్టింది. ఆ లెక్క తేల్చడానికి కంప్యూటర్‌కు మరో రెండున్నర గంటలు. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో ఒక మహిళకు తొలి స్కాన్ తీశారు. నుదుటి వెనక భాగంలో కణితి ఉందేమోనని డాక్టర్ల అనుమానం. 80 అడ్డం, 80 నిలువు గళ్లతో వచ్చిన ఆ ముతక బొమ్మలో గుండ్రటి నల్లమచ్చ స్పష్టంగా కనిపించింది. ఆపరేషన్ చేసిన సర్జన్‌కు బొమ్మలో ఉన్నచోటే అది దొరికింది. సూది లేదు, గాలి లేదు, కుర్చీ లేదు. మొత్తం ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది ఆ రోజే.

హౌన్స్‌ఫీల్డ్ తెచ్చిన ఈ పద్ధతే సీటీ స్కాన్. సీటీ చూసేది సాంద్రతను. తాజాగా కారిన రక్తం అందులో తెల్లగా కనిపిస్తుంది. రక్తనాళం పూడుకుపోయి వచ్చిన పక్షవాతం మాత్రం మొదటి గంటల్లో సీటీలో కనిపించకపోవచ్చు. అప్పుడు ‘నార్మల్’ అంటే రక్తస్రావం లేదని అర్థం. పూడికను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా తేల్చుకోవడానికి డాక్టరుకు ముందు కావలసింది ఆ కబురే. పక్షవాతం రాలేదని దానికి అర్థం కాదు.

ఎంఆర్ఐ చూసేది ప్రధానంగా నీటిలోని హైడ్రోజన్‌ను. 1973లో పాల్ లాటర్‌బర్ అయస్కాంత క్షేత్రంతో బొమ్మ తీయవచ్చని చూపించాడు. ఆ వ్యాసాన్ని ‘నేచర్’ పత్రిక మొదట తిప్పి పంపింది. ఆయనకూ, బ్రిటన్‌లో దీన్ని వేగవంతం చేసిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో నోబెల్ వచ్చింది. ఇదే అయస్కాంతంతో మెదడులోని రసాయనాలనూ కొలుస్తారు. ఆ రిపోర్టు గ్రాఫులో క్రియాటిన్ పేరుతో ఒక శిఖరం ఉంటుంది. అందులో కణాలు శక్తిని దాచుకునే ఫాస్ఫోక్రియాటిన్ కూడా కలిసి ఉంటుంది. ఆ పదార్థాన్ని 1927లో జీవరసాయన శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో వెలుగులోకి తెచ్చినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. రిపోర్టు చేతికొచ్చినప్పుడు ఆయన్ని ఒకసారి తలుచుకోవచ్చు.

ఇదంతా మెదడు కట్టడం సంగతి. కరెంటు పోయిన ఇంటిని ఫొటో తీస్తే గోడలు బాగానే కనిపిస్తాయి. మైగ్రేన్‌లో, పార్కిన్సన్స్ తొలిదశలో, మూర్ఛ ఉన్న కొందరిలో మామూలు ఎంఆర్ఐ నార్మల్‌గా రావడం అలాంటిదే. పనితీరు చూడాలంటే వేరే దారి కావాలి. ఆ దారి రక్తప్రవాహంలో దొరికింది.

1870ల చివర ఇటలీలోని ట్యూరిన్‌లో ఆంజెలో మోసో అనే శాస్త్రవేత్త, పుర్రెకు దెబ్బ తగిలి ఎముక పోయిన బెర్తీనో అనే రైతును పరిశీలించాడు. చర్చి గంట మోగగానే అతని మెదడు నాడి ఉబ్బింది. ప్రార్థన గుర్తొచ్చిందా అని అడిగితే మళ్లీ ఉబ్బింది. ఆలోచన కలిగిన చోటికి రక్తం పరుగెడుతుందన్నమాట. నూరేళ్ల తర్వాత, 1986లో, ఫాక్స్, రైకిల్ అనే పరిశోధకులు పెట్ స్కాన్‌తో (ఒంట్లోకి ఎక్కించిన కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం జాడను పట్టే స్కాన్) ఒక వింత గమనించారు. పనిచేస్తున్న చోట రక్తప్రవాహం 29 శాతం పెరిగితే, ఆక్సిజన్ ఖర్చు పెరిగింది 5 శాతమే. అంటే అక్కడ ఆక్సిజన్ మిగిలిపోతోంది. ఆక్సిజన్ ఉన్న రక్తానికీ లేని రక్తానికీ అయస్కాంత గుణం వేరని 1936లోనే లైనస్ పౌలింగ్ బృందం తేల్చింది. ఈ రెండూ కలిపి 1990లో సెయిజీ ఒగావా, బెల్ ల్యాబ్స్‌లో ఎలుకల మీద, రక్తాన్నే గుర్తుగా వాడుకునే ఎంఆర్ఐ చూపించాడు. 1992 కల్లా ఏ ఇంజెక్షనూ లేకుండా మనుషుల మెదడు పనిచేస్తుంటే చూడగలిగారు. అదే ఎఫ్ఎంఆర్ఐ.

పత్రికల్లో కనిపించే ఎర్రటి మచ్చలు మెదడు వెలిగిపోతున్న ఫొటోలు కావు. కొన్ని సెకన్లు ఆలస్యంగా వచ్చిన రక్తం మార్పును గణాంకాలతో జల్లెడ పట్టి, తర్వాత వేసిన రంగులు. జల్లెడ వదులైతే ఏమవుతుందో 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం చూపించింది. చనిపోయిన సాల్మన్ చేపను స్కానర్లో పెట్టి మనుషుల ఫొటోలు చూపిస్తే, దాని మెదడులోనూ ‘చురుకైన’ చుక్కలు వచ్చాయి. బొమ్మలోని వేల గళ్లను ఒకేసారి పోల్చినప్పుడు చేయాల్సిన దిద్దుబాటు చేయగానే అవి మాయమయ్యాయి. “అబద్ధం పట్టే స్కాన్” లాంటి మాటలు విన్నప్పుడల్లా నాకు ఆ చేప గుర్తొస్తుంది.

అలాగని దీన్ని కొట్టిపారేయలేం. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, రోడ్డు ప్రమాదం తర్వాత నెలల తరబడి స్పృహ జాడలేని 23 ఏళ్ల యువతిని స్కానర్లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకొమ్మంది. తర్వాత ఇంట్లో గది గదికీ తిరుగుతున్నట్టు ఊహించుకొమ్మంది. రెండుసార్లూ ఆరోగ్యవంతుల్లో మాదిరే, వేర్వేరు చోట్ల చలనం కనిపించింది. ఆమె మాట వింటోంది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, మంచం పక్కన ఏం చెప్పినా పలకని 241 మందిలో 60 మంది ఇలా ఎఫ్ఎంఆర్ఐలోనో, మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీలోనో స్పందించారు. నలుగురిలో ఒకరు. ఈ పరీక్ష చాలా ఆస్పత్రుల్లో లేదు. అక్కడ మంచం పక్కన కూర్చున్నవాళ్లకు “ఆయనకేం తెలియదు” అనే చెబుతారు.

2010లో వచ్చిన అధ్యయనంలో, అలాగే స్పృహ లేదనుకున్న ఒక యువకుణ్ణి స్కానర్లో ఉంచి ఆరు ప్రశ్నలు అడిగారు. ప్రమాదం జరిగి అప్పటికి ఐదేళ్లు. ‘అవును’ అయితే టెన్నిస్, ‘కాదు’ అయితే ఇల్లు ఊహించుకొమ్మన్నారు. తండ్రి పేరు ఇదేనా అన్న ప్రశ్నతో సహా ఐదింటికి సరైన జవాబులు వచ్చాయి. ఆరోదానికి ఆ రెండు చోట్లా ఏ కదలికా లేదు. నిద్రపోయాడా, ప్రశ్న వినపడలేదా, జవాబు చెప్పాలనిపించలేదా అన్నది స్కాన్ చెప్పలేదు.