పది మిల్లీగ్రాములన్నీ ఒకటి కావు

నల్లగొండ గడియారం చౌరస్తా దగ్గరి మందుల దుకాణంలోనైనా, మహబూబ్‌నగర్ కొత్త బస్టాండు ఎదురుగానైనా ‘కొలెస్ట్రాల్ గోలి’ అడిగేవారి చీటీల్లో తరచుగా కనిపించే పేర్లు రెండు: అటోర్వాస్టాటిన్, రోజువాస్టాటిన్. రెండూ స్టాటిన్లు అనే మందుల కోవకు చెందినవే. ఒకరికి 10, మరొకరికి 20 రాస్తే, 20 వాడేవారి జబ్బే పెద్దదని అనుకోవడం పరిపాటి. మందు వేరైనప్పుడు ఆ లెక్క చెల్లదు. రోజువాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ను దాదాపు 45 శాతం తగ్గిస్తాయి. అంత తగ్గించాలంటే అటోర్వాస్టాటిన్ 20 నుంచి 40 దాకా కావాలి, అదే కోవకు చెందిన సిమ్వాస్టాటిన్ 40 కూడా సాధారణంగా సరిపోదు.

శరీరంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి వచ్చేది కాదు, శరీరం తానే తయారుచేసుకునేది. ఆదివారం యాటకూర మానేసి జొన్నరొట్టె, పప్పుతో సరిపెట్టుకున్నా రిపోర్టులో అంకె అనుకున్నంత దిగకపోవడానికి ఇదొక కారణం. ఈ తయారీ ఎన్నో మెట్లుగా సాగుతుంది. అందులో తొలిదశలోని ఒక కీలకమైన మెట్టును హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైము నడుపుతుంది. స్టాటిన్ అణువులో ఒక భాగం ఆ ఎంజైము పనిచేయవలసిన అసలు పదార్థాన్ని పోలి ఉండటంవల్ల, దాని చోటులో తాను కూర్చుని పనికి అడ్డుపడుతుంది.

అయితే రక్తంలోని కొలెస్ట్రాల్ తగ్గడానికి అసలు కారణం ఈ అడ్డంకి ఒక్కటే కాదు. లోపల కొలెస్ట్రాల్ కొరవడిందని గ్రహించిన కాలేయ కణం, తన పైపొర మీద ఎల్‌డీఎల్ రిసెప్టార్లను, అంటే ఎల్‌డీఎల్‌ను పట్టుకునే ప్రొటీన్లను పెంచి, రక్తంలో తిరుగుతున్న ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాక్కుంటుంది. ఈ రిసెప్టార్లను కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అంటే మాత్ర రక్తనాళాల్లో తిరుగుతూ కొవ్వును కరిగించదు; అది కాలేయానికి కొరత సృష్టిస్తుంది, మిగతా పని కాలేయమే చేసుకుంటుంది.

స్టాటిన్ల కథలో నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది దీని తరువాతి భాగం. కొరతను తెలిపే ఆ సంకేతమే అడ్డుపడిన ఎంజైమును కూడా మరింతగా తయారుచేయిస్తుంది. పైగా రిసెప్టార్లను నాశనం చేసే పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్‌ను సైతం పెంచుతుంది. ఒక చేత్తో ఇస్తూ మరో చేత్తో తీసుకుంటున్నట్టన్నమాట. మోతాదును రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ అదనంగా సుమారు 6 శాతం మాత్రమే దిగడానికి దీన్నొక కారణంగా చెబుతారు. అందుకే కొందరికి వైద్యులు స్టాటిన్ మోతాదును ఇంకా పెంచకుండా, పేగుల్లో కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని అడ్డుకునే ఎజెటిమైబ్‌ను జతచేస్తారు.

ఈ మందుల పుట్టుక బూజులో ఉంది. జపాన్‌లో సాంక్యో కంపెనీలో పనిచేసిన అకిరా ఎండో, కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకునే పదార్థం కోసం వేల రకాల శిలీంధ్రాలను పరీక్షించి, 1973లో పెనిసిలియం సిట్రినమ్ నుంచి మొదటి స్టాటిన్‌ను వెలికితీశాడు. మరో శిలీంధ్రం నుంచి వచ్చిన లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించింది. అటోర్వాస్టాటిన్, రోజువాస్టాటిన్‌లు పూర్తిగా రసాయన సంశ్లేషణతో తయారైనవి.

ఇక తేడాల సంగతి. రాత్రిపూట శరీరం కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. సిమ్వాస్టాటిన్ ప్రభావం త్వరగా తగ్గిపోతుంది కనుక దాన్ని రాత్రి వేసుకోమంటారు. అటోర్వాస్టాటిన్, రోజువాస్టాటిన్‌లు చాలా గంటలు నిలుస్తాయి కాబట్టి ఏ పూటైనా ఫరవాలేదు. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌లను కాలేయంలో సైప్3ఏ4 అనే ఎంజైము విడగొడుతుంది. క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయోటిక్ ఆ ఎంజైమును అడ్డుకుంటే స్టాటిన్ రక్తంలో పేరుకుని కండరాలకు హాని చేయవచ్చు. దగ్గుకు చీటీ లేకుండా యాంటీబయోటిక్ కొనే అలవాటు మన పల్లెల్లో ఎంతగా ఉందో తెలిసినదే కాబట్టి ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. రోజువాస్టాటిన్‌కు ఈ చిక్కు తక్కువ. కానీ ఆసియా మూలాలున్నవారి రక్తంలో దాని మోతాదు పాశ్చాత్యుల కంటే దాదాపు రెట్టింపుగా ఉంటుందని తేలినందున వారికి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని అమెరికా సూచన.

నాట్లు వేసి వచ్చిన కాళ్ళ నొప్పిని కూడా మాత్ర ఖాతాలో వేయడం మామూలే. నొప్పుల వంటి ఇబ్బందులతో స్టాటిన్ మానేసినవారిపై బ్రిటన్‌లో జరిపిన సామ్సన్ పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఆ లక్షణాల్లో దాదాపు 90 శాతం మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నప్పుడూ కనిపించాయని అది చూపింది. నిజమైన కండరాల హాని అరుదు. తీవ్రమైన నీరసం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే మాత్రం వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. రిపోర్టు మామూలుగా ఉందని మాత్ర ఆపేస్తే, కాలేయానికి ఉన్న కొరత తీరిపోతుంది, రిసెప్టార్లు తగ్గుతాయి, కొన్ని వారాల్లోనే ఎల్‌డీఎల్ పాత అంకెకు చేరుతుంది.