చెవి కింద గడ్డ, రిపోర్టులో ‘హెర్‌2 3+’

చెవి కింద గడ్డ కోసం నెల్లూరు నుంచో, సూళ్లూరుపేట నుంచో చెన్నై వచ్చిన మనవాళ్ల బయాప్సీ రిపోర్టులో ఒక్కోసారి ‘హెర్‌2 3+’, ‘ఏఆర్ పాజిటివ్’ అని ఉంటుంది. హెర్‌2 అంటే కణాల మీద ఉండే ఒక ప్రోటీన్, 3+ అంటే అది బలంగా కనబడిందని. ఏఆర్ ఇంకో ప్రోటీన్. హెర్‌2 రొమ్ము క్యాన్సర్‌లో చూసేది కదా, మా నాన్న రిపోర్టులో ఎందుకుందని టెన్షన్ పడతారు. చెవి కింద ఉండేది లాలాజల గ్రంథి. ఆ పరీక్ష నిజంగానే రొమ్ము క్యాన్సర్ నుంచి ఈ గ్రంథుల క్యాన్సర్‌కు వచ్చింది.

1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి అడయార్‌లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టిన రోజుల్లో, ప్రపంచంలో ఎక్కడైనా గడ్డ ముక్కను మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే పాథాలజిస్టుకు ప్రధాన ఆధారం కణాల ఆకారమే. లాలాజల గ్రంథుల క్యాన్సర్ అరుదు, రకాలేమో ఇరవైకి పైనే. ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోవడం తేలిక. 1968లో జర్మనీలో క్లైన్‌సాసర్, ఆయన సహచరులు ఈ గ్రంథుల నాళాల్లో పుట్టే ఒక మొండి క్యాన్సర్‌ను విడిగా గుర్తించారు. మైక్రోస్కోపు కింద అది అచ్చం రొమ్ము నాళాల క్యాన్సర్‌లా ఉంది. రెండూ స్రవించే గ్రంథులే కాబట్టి ఈ పోలికలో వింత లేదు.

పోలిక వెనకున్న ప్రోటీన్లను చూడాలంటే, ఫలానా ప్రోటీన్‌నే వెతికి అతుక్కునే యాంటీబాడీలు కావాలి. 1941లో కూన్స్ అనే శాస్త్రవేత్త వాటికి మెరిసే రంగు అతికించాడు. 1975లో కోలర్, మిల్‌స్టైన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే దారి చూపారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఫలానా ప్రోటీన్ ఉన్నచోట మాత్రమే గోధుమరంగు తేలే స్లైడ్ రోజువారీ పరీక్షగా మారింది.

హెర్‌2ను తయారుచేసే జన్యువు కాపీలు పెరిగిన రొమ్ము క్యాన్సర్ తొందరగా తిరగబెడుతుందని 1987లో స్లామన్ బృందం చూపింది. 1998లో దానికి ట్రాస్టుజుమాబ్ మందు వచ్చింది. లాలాజల నాళాల క్యాన్సర్‌లోనూ వెతికితే, సుమారు మూడో వంతు గడ్డల్లో హెర్‌2 బలంగా కనబడింది. పురుష హార్మోన్‌ను అందుకునే ఏఆర్ ప్రోటీన్ అయితే ఎక్కువ గడ్డల్లో ఉంది, ఆడవాళ్లలో కూడా. ప్రోస్టేట్ క్యాన్సర్ హార్మోన్ మందులను ఇక్కడా వాడుతున్నది అందుకే. లాలాజల గ్రంథుల్లోనే వచ్చే ఇంకో క్యాన్సర్, అడినాయిడ్ సిస్టిక్ రకం సంగతి వేరు, అందులో హెర్‌2 సాధారణంగా కనిపించదు.

2024 ఏప్రిల్‌లో మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ, గడ్డ ఏ అవయవానిదైనా హెర్‌2 3+ ఉండి, ముందు చికిత్సలు పనిచేయకపోతే ట్రాస్టుజుమాబ్‌కు కీమో మందు జోడించిన ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ ఇవ్వొచ్చంది. మందు చాలా ఖరీదు, నిజమే. అయినా రిపోర్టులో ఆ పరీక్ష లేకపోతే డాక్టర్‌ను అడగండి. 2+ వస్తే అటూ ఇటూ కాని ఫలితం, జన్యువు కాపీలు లెక్కపెట్టే ఫిష్ పరీక్షతో తేల్చుకోవాలి. దానికి గడ్డ ముక్కను మైనంలో పోసిన బ్లాకు కావాలి. ఊళ్లో బయాప్సీ చేయించుకుని రైలెక్కేటప్పుడు, కాగితాలతో పాటు ఆ బ్లాకు కూడా ల్యాబ్‌లో అడిగి తెచ్చుకోండి.