అపరాధ పరిశోధన రాసే విశ్వాసి: అపోహలు - వాస్తవాలు

చిత్తూరు కోర్టులో ఇరవై రెండేళ్లు సాక్షుల వాంగ్మూలాలు టైపు చేసి, పదవీ విరమణ తర్వాత తిరుపతిలో స్థిరపడ్డాను. లూథరన్ క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని, ఇంతవరకు ఆరు అపరాధ పరిశోధక నవలలు రాసినదాన్ని. ఈ రెండు మాటలూ ఒకేసారి విన్నవారిలో చాలామంది, రెండింటిలో ఏదో ఒకటి నేను మనస్ఫూర్తిగా చేయడం లేదని అనుకుంటారు. రాయాలన్న కోరిక ఉండి సంఘానికి భయపడుతున్న యువతీయువకులు కూడా ఇవే సందేహాలతో నా దగ్గరికి వస్తుంటారు కాబట్టి, వాళ్లకు నేను ఇచ్చే జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అపోహ: విశ్వాసి హత్యల గురించి రాయకూడదు.

నా మొదటి నవల వచ్చినప్పుడు సంఘపెద్ద ఒకరు ఇంటికి వచ్చారు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం ఎనిమిదో వచనం తెరిచి, 'ఏవి రమ్యమైనవో, ఏవి ఖ్యాతిగలవో' అన్నచోట వేలు పెట్టి, "వీటిని ధ్యానించమన్నాడు గానీ నెత్తురును ధ్యానించమనలేదు కదమ్మా" అన్నారు. ఆయన బాధ నిజమైనదే, ఆయన మీద నాకున్న గౌరవం ఈనాటికీ తగ్గలేదు. అయితే ఆ వచనంలోని వరస 'ఏవి సత్యమైనవో' అన్న మాటతో మొదలవుతుంది, రమ్యమైనదానికి ముందే 'ఏవి న్యాయమైనవో' అన్న మాట కూడా వస్తుంది. ఆ రెండింటినీ దాటవేసి నేరుగా రమ్యమైనదాన్ని చేరుకునే దారి ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు మనకు చూపించలేదు.

బైబిల్లో మొదటి హత్య నాలుగో అధ్యాయానికే జరిగిపోతుంది. తమ్ముణ్ణి చంపిన కయీనును ఆ హత్య తర్వాత దేవుడు మొదట అడిగింది, నీ తమ్ముడు ఎక్కడ అని. మనిషి కనబడడం లేదన్న ఫిర్యాదు మీద దర్యాప్తు చేసే అధికారి ఇవాళ కూడా మొదట అడిగేది అదే. దానికి కయీను చెప్పిన జవాబు తర్వాత, 'నీ తమ్ముని రక్తముయొక్క స్వరము నేలలోనుండి నాకు మొఱ్ఱపెట్టుచున్నది' అన్న మాట వస్తుంది. చనిపోయినవాడికి గొంతు లేదనీ, చంపినవాడు ఎలా చెబితే కథ అలాగే ముగుస్తుందనీ అనుకునే లోకానికి, చనిపోయినవాడి గొంతు ఇంకా వినబడుతూనే ఉందని చెప్పే వాక్యం అది.

నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికంటే బలమైన భాగం ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం మొదటి తొమ్మిది వచనాలు. ప్రసంగాల్లో అది అరుదుగా వినబడుతుంది. పొలంలో ఒక శవం దొరికింది, చంపినదెవరో తెలియదు. అప్పుడు పెద్దలు, న్యాయాధిపతులు వచ్చి, శవం పడి ఉన్నచోటి నుండి చుట్టూ ఉన్న ఊళ్ల వరకు దూరం కొలవాలి. అతి దగ్గరగా ఉన్న ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను ఎన్నడూ దున్నని, విత్తని ఏటిలోయకు తోలుకెళ్లి, అక్కడ దాని మెడ విరగదీసి, దానిమీద చేతులు కడుక్కొని, ఈ రక్తం మేము చిందించలేదు, మా కళ్లు చూడలేదు అని చెప్పాలి. హంతకుడు దొరకకపోయినా, ఆ చావు ఏదో ఒక ఊరి లెక్కలోకి వచ్చి తీరాలి. ఏ ఊరివాళ్లూ తమకు సంబంధం లేదని ముఖం తిప్పుకోవడానికి వీల్లేదు.

నేను టైపు చేసిన వాంగ్మూలాల్లో దీనికి ఎదురు జరిగిన సంగతులు కొన్ని ఉన్నాయి. శవం మా హద్దులో పడలేదని, ఆ కాలువకు అవతలి గట్టు మీద ఉందని, ఒక రాత్రంతా రెండు స్టేషన్ల పోలీసుల వాదనతో గడిచిపోయిన కేసు ఒకటి నాకు బాగా గుర్తుంది. ధర్మశాస్త్రంలో దూరం కొలిచింది బాధ్యత ఎవరిదో తేల్చడానికి, ఇక్కడ కొలిచింది బాధ్యత వదిలించుకోవడానికి. పోలీసు దర్యాప్తు, విచారణ పద్ధతులు చెప్పే చట్టంగా 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షను, నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఫిర్యాదు నమోదు చేసే వీలు కల్పించింది. ఆ సెక్షను చదివిన రోజున నాకు ఆ కాలువ గట్టు, దాని వెంబడే ఈ 21వ అధ్యాయం గుర్తుకు వచ్చాయి.

అపోహ: కల్పన అంటే అబద్ధం, అబద్ధం పాపం.

తన సైనికుడు ఊరియా భార్యను తీసుకుని, అతణ్ణి యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టి చంపించిన దావీదు రాజు దగ్గరికి నాతాను ప్రవక్త నేరారోపణ పత్రం పట్టుకుని వెళ్లలేదు, ఒక కథ పట్టుకుని వెళ్లాడు. ఒక పేదవాడికి ఒక్కటే గొర్రెపిల్ల ఉంది, అది అతని గిన్నెలోది తాగి అతని కౌగిట్లో పడుకునేది. మందలు ఉన్న ధనవంతుడు తన అతిథికి వండిపెట్టడానికి దాన్ని లాక్కున్నాడు. రాజు మండిపడి తీర్పు చెప్పేదాకా నాతాను ఆగి, అప్పుడు 'ఆ మనుష్యుడవు నీవే' అన్నాడు. ఆ గొర్రెపిల్ల నిజంగా ఏ దొడ్లోనూ లేదు. అయినా ఆ కథ లేకపోతే, ముద్దాయి తన నోటితోనే తన మీద తీర్పు చెప్పుకునేవాడు కాడు. ఆధారాలను ఏ వరసలో పెట్టాలి, అసలు మాటను ఎంతసేపు ఆపాలి అన్న సంగతి నేను ఏ రచనా శిక్షణలోకన్నా రెండో సమూయేలు 12వ అధ్యాయంలోనే ఎక్కువ నేర్చుకున్నాను.

అపోహ: డిటెక్టివ్ నవల తక్కువ రకం సాహిత్యం.

సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్రగారు డిటెక్టివ్ నవలలు కూడా రాశారు. ఈ విషయంలో నేను ఇంతకంటే వాదించను.

అపోహ: క్రైస్తవురాలు రాసిన నవల చివరి అధ్యాయంలో అందరూ మారుమనస్సు పొందాలి, చెడ్డవాడు బయటివాడై ఉండాలి.

ఇది రెండు వైపుల నుండీ వచ్చే అపోహ. సంఘంలో కొందరు అలా ఉండాలని కోరుకుంటారు, సంఘం బయట కొందరు అలాగే ఉంటుందని భయపడతారు. తిరుపతిలో ఉంటూ రాసే నాకు ఈ రెండో భయాన్ని గౌరవించాల్సిన బాధ్యత ఉంది. ఈ ఊళ్లో నా పాఠకుల్లో ఎక్కువమంది నా విశ్వాసం పంచుకునేవారు కారు. వాళ్లకు నేను ఒక కథ ఇస్తానని చెప్పి, అట్ట లోపల మరొకటి పెట్టి ఇస్తే, అది విశ్వాసం అనిపించుకోదు, మోసం అనిపించుకుంటుంది. సువార్త చెప్పాలనుకున్న రోజు నేను దాన్ని సువార్తగానే చెబుతాను.

అనుమానితుల సంగతికి వస్తే, రోమీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో 'ఏ భేదమును లేదు. అందరును పాపముచేసి' అన్న మాట ఉంది. అపరాధ పరిశోధన రాసేవారికి ఇంతకంటే ఉపయోగపడే మాట నాకు తెలియదు. ఈ మాటను నమ్మినవారు తమ కథలో ఏ మనిషినీ అతని కులాన్ని బట్టో, మతాన్ని బట్టో ముందుగానే దోషిగా నిర్ణయించలేరు, అలాగే ఎవరినీ అనుమానం నుండి తప్పించనూ లేరు. నా నాలుగో నవలలో హంతకుడు ఒక సంఘానికి కోశాధికారి, కానుకల పెట్టె లెక్కలు రాసేవాడు. ఆ నవల తర్వాత ఒక సంస్థ వాళ్లు నా పుస్తకాలను తమ స్టాలు నుండి తీసేశారు. బాధ కలిగింది గానీ, ఆ హంతకుణ్ణి మార్చాలన్న ఆలోచన మాత్రం రాలేదు. మనవాళ్లలో దోషి ఉండడన్న నమ్మకం మీద కట్టిన కథ నా విశ్వాసానికే విరుద్ధమవుతుంది.

అపోహ: ప్రార్థిస్తే కథ దానంతట అదే వస్తుంది, కథలోని డిటెక్టివ్‌కు కూడా దర్శనంలో అంతా తెలిసిపోతుంది.

నేను రాసే ముందు ప్రార్థిస్తాను. ప్రార్థన వల్ల నాకు ఓపిక వచ్చింది, రాసింది కొట్టేసే ధైర్యం వచ్చింది, కానీ బస్సు టైమింగులు మాత్రం రాలేదు. ఐదో నవల చిత్తుప్రతిలో ఒక అనుమానితుణ్ణి కొండపైకి మొదటి ఘాట్ రోడ్డు మీదుగా ఎక్కించాను. మా పక్కింట్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన ఆవిడ నా చిత్తుప్రతులన్నీ పెన్సిలు పట్టుకుని చదువుతారు. ఆ పేజీ దగ్గర ఆగి, "అక్కా, ఎక్కే బండ్లు రెండో రోడ్డులో కదా పోతాయి, మొదటిది దిగేదానికి కదా" అన్నారు. అన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి కూడా కళ్లెదురుగా ఉన్నదాన్ని తప్పు రాశాను. ఆ ఒక్క తప్పుతో అతను ఫలానా సమయానికి ఫలానా చోట లేడన్న రుజువు మొత్తం కూలిపోయింది, మూడు అధ్యాయాలు తిరగరాశాను. అజాగ్రత్తను ప్రార్థన చాటున దాచుకోవడం భక్తి కాదన్న సంగతి ఆ మూడు అధ్యాయాలే నాకు నేర్పాయి.

డిటెక్టివ్‌కు దర్శనాలు రావన్న నియమాన్ని అక్షరాలా రాసిపెట్టినవాడు ఒక కతోలిక గురువు. రోనాల్డ్ నాక్స్ 1929లో అపరాధ పరిశోధక కథకు పది నియమాలు రాశారు. అతీతశక్తుల ప్రమేయం కథలో ఉండకూడదని రెండో నియమం చెబుతుంది, డిటెక్టివ్‌కు అదృష్టం కలిసిరాకూడదని మరో నియమం చెబుతుంది. లాటిన్ బైబిలును ఇంగ్లీషులోకి అనువదించిన మనిషి ఆయనే. దైవశక్తి మీద నమ్మకం లేక పెట్టిన నియమం కాదది. పాఠకుడికి చూపించని ఆధారంతో రచయిత గెలవకూడదన్న నిజాయితీ దాని వెనక ఉంది. 1930లో లండన్‌లో ఏర్పడిన డిటెక్షన్ క్లబ్బు సభ్యులు, తమ డిటెక్టివులు దైవ ప్రకటన మీద ఆధారపడరని ప్రమాణం చేసేవారు. ఆ క్లబ్బుకు మొదటి అధ్యక్షుడు జి.కె. చెస్టర్టన్, ఫాదర్ బ్రౌన్ అనే గురువును పరిశోధకుడిగా సృష్టించిన విశ్వాసి. సభ్యుల్లో మరొకరైన డొరతీ సేయర్స్ ఆంగ్లికన్ పురోహితుడి కూతురు. రచయిత చేసే సృష్టిని, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ఒకే దేవుడన్న త్రిత్వ సిద్ధాంతంతో పోల్చి 1941లో ఒక పుస్తకమే రాశారు. ఈ పనికీ విశ్వాసానికీ పొత్తు కుదరదనేవారు ఈ ముగ్గురి జీవితాలను ఒకసారి చూడాలి.

కతోలిక బైబిల్లో దానియేలు గ్రంథం 13వ అధ్యాయంలో సూసన్న కథ ఉంది. మేము చదివే ప్రొటెస్టెంటు బైబిల్లో ఆ భాగం లేదు, అయినా పని నేర్చుకోవడానికి నేను దాన్ని చాలాసార్లు చదివాను. ఆమె తోటలో ఒక చెట్టు కింద పరాయి మగవాడితో ఉండగా చూశామని ఇద్దరు పెద్దమనుషులు అబద్ధపు సాక్ష్యం చెప్పారు. ఆ అధ్యాయంలో దేవుడు దానియేలు ఆత్మను ప్రేరేపించిన మాట నిజమే, కానీ ఆ ప్రేరణ సభ ముందు రుజువుగా నిలబడలేదు. దానియేలు ఆ ఇద్దరినీ దూరదూరంగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడిగాడు: ఏ చెట్టు కింద చూశావు? ఇద్దరూ రెండు వేర్వేరు చెట్లు చెప్పారు. ఒక సాక్షి చెబుతుండగా మిగతా సాక్షులను హాలు బయట కూర్చోబెట్టడం చిత్తూరులో నేను రోజూ చూసిన పద్ధతే. ప్రేరణ అతణ్ణి లేచి నిలబడేలా చేసింది, ఆ తర్వాత పనిచేసింది ప్రశ్న.

అపోహ: క్షమించమన్న దేవుణ్ణి నమ్మినవారు నేరస్థుణ్ణి పట్టించే కథ ఎలా రాస్తారు?

మనం ప్రభువు ప్రార్థనలో పలికే 'అపరాధములు' అన్న మాట, 'అపరాధ పరిశోధన'లో ఉన్న మాట ఒక్కటే. ఏ అపరాధం జరిగిందో తేలకుండా క్షమించడమంటే, జరిగినదాన్ని కప్పిపెట్టడమే అవుతుంది. యేసు కాలంలో పన్నులు వసూలు చేసే జక్కయ్య, క్షమ పొందిన రోజునే, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానని లెక్క చెప్పాడు. చచ్చిపోయినవాడి తరఫున క్షమించే హక్కు నా డిటెక్టివ్‌కు నేను ఇవ్వలేదు.

ఒప్పుకోలు విషయంలో కొత్తగా రాసేవారు చేసే పొరపాటు ఒకటి ఉంది. చివరి పేజీలో హంతకుడు ఇన్‌స్పెక్టరు ముందు ఏడ్చి అంతా ఒప్పుకుంటే కథ అయిపోయిందనుకుంటారు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును ముద్దాయి మీద రుజువుగా వాడడానికి వీల్లేదని పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షను చెప్పింది, ఇప్పుడున్న భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షను అదే చెబుతోంది. అలాగే వకీలుకు కక్షిదారుడు చెప్పుకున్న మాటకు, భార్యాభర్తల మధ్య నడిచిన మాటకు చట్టం రక్షణ ఇచ్చింది గానీ, పాస్టరుగారి దగ్గర చేసిన ఒప్పుకోలుకు అలాంటి ప్రత్యేకమైన సెక్షను లేదు. ఆ మాట విన్న పాస్టరుగారు ఆ రాత్రి ఎలా నిద్రపోతారన్నదే నా ఆరో నవల.

అపోహ: పిలుపు అంటే సేవకే గానీ, ఇలాంటి పనికి దేవుడు పిలవడు.

నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు తన ఆత్మతో నింపానని పేరు పెట్టి చెప్పిన బెసలేలు యాజకుడు కాడు. యూదా గోత్రికుడు, చేతిపని చేసేవాడు. బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, కొయ్య చెక్కడం అతని పని. పని తెలిసి ఉండడమే అక్కడ వరంగా లెక్కకు వచ్చింది.

నా పిలుపు నాకు కోర్టు హాల్లోనే వచ్చింది. నేను స్వరమేదీ వినలేదు కాబట్టి, ఆ మాట వాడడానికి చాలా ఏళ్లు సంకోచించాను. ఒక హత్య కేసులో మృతుడి తల్లి బోనెక్కింది. పలమనేరు వైపు పల్లె ఆమెది. కొంగు భుజం చుట్టూ గట్టిగా లాక్కుని, రెండు చేతులతో బోను కొయ్య పట్టుకుని నిలబడింది. మృతుడు మీకు ఏమవుతాడని వకీలుగారు అడిగారు. ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. రెండోసారి అడిగితే, "మృతుడంటే ఎవురు సామీ? వాడు మా చిన్నబ్బ" అంది. అందులో తప్పు ఎవరిదీ లేదు, కాగితం మీదికి వచ్చేటప్పుడు ఆ భాష అలాగే మారుతుంది: 'మృతుడు నా కుమారుడు' అని నేను టైపు చేశాను. ఆ రోజు ఆ వాంగ్మూలం నాలుగు పేజీలు వచ్చింది. ఇంటికి వెళ్లే ముందు కార్బను కాపీలు సరిచూస్తూ ఆ నాలుగు పేజీల్లో ఎక్కడైనా ఆ పేరు ఉందేమోనని వెతికాను. ఎక్కడా లేదు. ఆ రాత్రే ఒక నోటుబుక్కు తీసి మొదటి పేజీలో 'చిన్నబ్బ' అని రాశాను. ఇంకేం రాయాలో అప్పుడు తెలియలేదు, అది నవల అవుతుందని అసలే తెలియదు.

అప్పటినుండి ప్రతి నవలకూ హంతకుడి గురించి ఆలోచించేలోగా చనిపోయిన మనిషి గురించి ఒక నోటుబుక్కు నింపుతాను: ఏం తినేవాడు, ఎవరికి బాకీ, ఏ పాట సగమే వచ్చు, వాళ్లమ్మ ఏమని పిలిచేది. అందులో పదో వంతు కూడా నవలలోకి రాదు.

ఇప్పుడు రాస్తున్న ఏడో నవలలో స్వర్ణముఖి ఇసుకలో ఒక మనిషి దొరికాడు. అతని ఎడమ మణికట్టు చిన్నప్పుడెప్పుడో విరిగి, పుత్తూరు కట్టు కట్టించుకుంటే కాస్త వంకరగా అతుక్కుందని తెలిసింది. కట్టు వేయించడానికి అతణ్ణి బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లింది ఎవరో ఇంకా తేలలేదు. పేరు కూడా తేలలేదు, అది తేలేదాకా మొదటి అధ్యాయం మొదలుపెట్టను.